లెఫ్ట్ హాఫ్ మీద మా వాదన

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసినంత అమలాపురంలో ఇంకెవరికీ తెలియదని నా ఇరవై మూడో ఏట నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాకపోతే ఆ ఏడాది ఒక మనిషి విషయంలో బోల్తా పడ్డాను. దాచుకోవలసిందేమీ లేదు. తప్పుడు మాట ఎంత గట్టిగా అన్నానో, దాన్ని దిద్దుకోవడం కూడా నలుగురిలో అంత గట్టిగానే దిద్దుకున్నాను.

స్వతంత్రం వచ్చి నాలుగేళ్ళో ఐదేళ్ళో అయింది అప్పటికి. నేను ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. పగలంతా కోర్టు కాయితాలు రాసి, నాలుగున్నర కొట్టేసరికి కలం జేబులో పెట్టుకుని హైస్కూలు గ్రౌండుకి పరిగెత్తేవాణ్ణి. వరికోతలు అయిపోయి నూర్పులు సాగుతున్న రోజుల్లో మొదలై ఎండలు ముదిరేదాకా మా ఊరి టీము ఆడేది. కెప్టెన్ మా డ్రిల్లు మాస్టారు. మిగతావాళ్ళలో నూనె మిల్లులో పనిచేసేవాళ్ళున్నారు, మగ్గం నేసేవాళ్ళున్నారు, ఒక పోస్టుమాను ఉన్నాడు. ఎవరికీ బూట్లు లేవు. ఉత్త కాళ్ళతోనే ఆడేవారు.

ఆ రోజుల్లో ముందు అయిదుగురు గోలు కోసం ఆడేవాళ్ళు, గోలు ముందర ఇద్దరు బ్యాకులు, ఈ రెండు వరసలకీ మధ్య ముగ్గురు హాఫ్ బ్యాకులు. నడిమి హాఫ్ బ్యాకు డ్రిల్లు మాస్టారు. ఆయనకి ఎడం పక్క ఆడేవాణ్ణి లెఫ్ట్ హాఫ్ అనేవారు. అవతలి టీములో రైట్ అవుట్ అని ఒకడుండేవాడు, గీత పక్కనుంచి బంతి తీసుకుని బాణంలా వచ్చేవాడు. వాణ్ణి ఆపడమే లెఫ్ట్ హాఫ్ పని. గోలు కొట్టనక్కర్లేదు. ఆపినందుకు ఎవరూ చప్పట్లూ కొట్టరు.

మా లెఫ్ట్ హాఫ్ ఊరికి రెండు మైళ్ళ దూరంలో కాలవ లాకుల దగ్గర లస్కరు. పడవలొచ్చినప్పుడు తలుపులెత్తి నీళ్ళు వదిలి, పడవ దాటాక మళ్ళీ దించడం ఆయన ఉద్యోగం. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళుంటాయి. పొట్టి మనిషి, భుజాలు మాత్రం దుంగల్లా ఉండేవి. ఊళ్ళో అందరం ఆయన్ని లస్కరు గారనే పిలిచేవాళ్ళం. ఆరేళ్ళుగా ఆ చోటు ఆయనదే.

ఆ ఏడాది మాత్రం ఆయన ఆట చెడింది. బంతి మాస్టారికి ఇవ్వబోతే గీత దాటి కొబ్బరి తోటలో పడేది. కుర్ర రైట్ అవుట్‌లు ఆయన్ని దాటి వెళ్ళిపోతుంటే వెనక నుంచి చూస్తూ ఉండిపోయేవారు. ఆట అయ్యాక మేమంతా కాలవ గట్టున కాఫీ హోటల్లో చేరేవాళ్ళం. రెండు బల్లలు, ఎదురుబొదురుగా. ఒక బల్ల మీద నేనూ నాతో ఏకీభవించేవాళ్ళూ. రెండో బల్ల మీద ఆస్పత్రి కాంపౌండరు, అతని పక్షం వాళ్ళూ.

"ఏం చేస్తున్నాడండీ ఆయన?" అనేవాణ్ణి నేను. "పోనీ ఒక్క గోలు కొట్టేడా? ఒక్క మంచి పాసు ఇచ్చేడా?"

"లెఫ్ట్ హాఫ్‌ని గోలు అడుగుతారేమిటండీ గుమాస్తా గారూ? వంటవాణ్ణి పట్టుకుని బట్టలు ఉతకలేదేం అన్నట్టుంది," అనేవాడు కాంపౌండరు.

"వంట మాడుస్తున్నాడనే నా బాధ!"

నోటి మాట చాలదని ఒక రోజు ఋజువు పట్టుకెళ్ళేను. జేబు నిండా చింతపిక్కలు పోసుకుని గ్రౌండు పక్క గట్టు మీద నిలబడ్డాను. లస్కరు గారు బంతి పోగొట్టినప్పుడల్లా ఒక పిక్క కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసేను. ఆట అయ్యాక హోటల్లో ఎడమ జేబు బల్ల మీద బోర్లించేను. పదకొండు పిక్కలు. రెండు బల్లల వాళ్ళూ వంగి చూసేరు. కాంపౌండరు మాత్రం వాటిని వేలితో అటూ ఇటూ జరిపి, "ఇవి ఆయన పోగొట్టినవి. ఆయన పోనివ్వనివి ఏ జేబులో ఉన్నాయండీ?" అన్నాడు. నేను నవ్వేసేను. జరగనిదాన్ని ఎవడు లెక్కపెడతాడు?

ఆ పిక్కల సంగతి మర్నాటికి డ్రిల్లు మాస్టారి చెవిన పడింది. స్కూలు గేటు దగ్గర నన్ను ఆపేరు.

"మీరనేది నిజమేనండీ. నాకూ కనపడుతోంది. కానీ ఆయన పక్కన ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

"ధైర్యం కోసం ఆడించుకుంటామా మాస్టారూ, ఆట కోసమా?"

ఆ ఆదివారం కొత్తపేటలో ఆటకి మాస్టారు లస్కరు గారిని ఆపేసి, కాకినాడ కాలేజీలో చదువుతూ జ్వరం వచ్చి తగ్గేక ఇంటి దగ్గరే ఉండిపోయిన ఒక కుర్రాణ్ణి తీసుకున్నారు. ఇరవై ఏళ్ళవాడు, లేడిలా పరిగెత్తేవాడు. లస్కరు గారు తన జెర్సీ మడత పెట్టి తనే అతని చేతికిచ్చి, "కాస్త వదులవుతుందేమో బాబూ, ముడేసుకో," అన్నారట. ఆయన మొహంలో ఏమీ కనపడలేదని చూసినవాళ్ళు చెప్పేరు.

కొత్తపేటలో నాలుగు మూడుతో గెలిచేం. ఆ సాయంత్రం హోటల్లో నా గొంతు కాలవ అవతలికి వినపడి ఉంటుంది.

"మూడు పడ్డాయి కదండీ," అన్నాడు కాంపౌండరు.

"నాలుగు కొట్టేం కదండీ!"

నేను గెలిచేననుకున్నాను.

ఆ పై ఆదివారం మండపేట వాళ్ళు మా ఊరొచ్చి ఆడేరు. మూడు రెండుతో ఓడిపోయేం. కాలేజీ కుర్రాడు గ్రౌండంతా తానై పరిగెత్తేడు. మాస్టారు మాత్రం ఆట అయ్యాక గోలు కర్రకి చేరబడి చాలాసేపు లేవలేదు. ఎండ ఎక్కువైందనుకున్నాను.

మా ఇల్లు గ్రౌండు పక్కనే. మేడ మీద నుంచి మొత్తం కనపడేది. మా వదిన రోజూ సాయంత్రం రెండేళ్ళ పిల్లని ఎత్తుకుని మేడెక్కి, ఆట చూపిస్తూ పప్పన్నం తినిపించేది. బంతి ఎగిరినప్పుడల్లా పిల్ల నోరు తెరిచేది, వదిన ముద్ద పెట్టేసేది. అలా ఏడాదికి పైగా ఆవిడ ఒక్క ఆటా మానకుండా చూసిందని నాకు తట్టనే లేదు. ఆవిడ పుట్టిల్లు రాయవరం దగ్గర, వరి పండించే ఇల్లు.

మండపేట ఆట అయిన సాయంత్రం నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తుంటే అడిగింది: "ఇవాళ మనవాళ్ళు ఒకరు తక్కువ ఆడేరేం మరిదిగారూ?"

"పదకొండు మందీ ఉన్నారు వదినా."

"ఎడం పక్క ఎవరూ లేరే?"

"కొత్త కుర్రాడున్నాడు కదా! గ్రౌండంతా వాడే పరిగెత్తేడు."

"అదే నేనూ అంటున్నది. గ్రౌండంతా ఉన్నాడు, ఎడం పక్క లేడు. పాపం, ఆ డ్రిల్లు మాస్టారు తన చోటూ చూసుకుని, వాడి చోటూ చూసుకోలేక చచ్చేరు. ఆ పొట్టాయన ఏమయ్యేరు?"

"ఆయన ఆట పోయింది వదినా. అందుకే తీసేసేరు." తీసేయించింది నేనేనని కూడా కాస్త గొప్పగానే చెప్పేను.

వదిన పిల్ల మూతి తుడుస్తూ నా వంక చూసింది. "మా పుట్టింట్లో చేలో మడవ దగ్గర పాలేరుని నిలబెట్టేవారు, నీళ్ళు పక్క చేలోకి పోకుండా. సాయంత్రం దాకా నీళ్ళు పోవు. పోలేదు కాబట్టి వాడు పని చెయ్యలేదంటారా మీరు?"

నాకు కోపం వచ్చింది. రైట్ అవుట్ అంటే ఏమిటో తెలియని మనిషి నాకు ఆట చెప్పడమా? ఆవిడ మాత్రం తేలిగ్గానే అంది: "రేపు మనలో మనవాళ్ళు ఆడుకుంటారుగా. కింద నిలబడకండి. పైకి రండి ఒక్క రోజు."

ఆవిడ తప్పని చూపిద్దామనే వెళ్ళేను. ఆ సాయంత్రం మా టీమూ, మిగిలినవాళ్ళని పోగుచేసిన రెండో టీమూ ఆడుతున్నాయి. లస్కరు గారు రెండో టీములో ఉన్నారు. అంటే మా రైట్ అవుట్‌నే ఆయన ఆపాలి.

గట్టు మీద నిలబడితే కన్ను బంతి వెంటే పోతుంది. మేడ మీద నుంచి చూస్తే బంతి చిన్నది, మనుషులే కనపడతారు. మా రైట్ అవుట్ బంతి తీసుకుని బయల్దేరేడు. లస్కరు గారు అతని మీదకి పోలేదు. లోపలి వైపు నాలుగడుగులు వేసి ఊరికే నిలబడ్డారు. రైట్ అవుట్ తలెత్తి చూసేడు. తను కొట్టాలనుకున్న దారిలో మనిషి ఉన్నాడు. ఆగి, బంతి వెనక్కి కొట్టేసేడు. కింద గట్టు మీద నేనుంటే, రైట్ అవుట్‌కి పిరికితనం అని ఉండేవాణ్ణి. రెండు నిమిషాలకి మళ్ళీ అదే జరిగింది. తరవాత మళ్ళీ. బంతి ఇంకా అటు చివర ఉండగానే ఆయన ఇటు చివర బయల్దేరి, అది రాబోయే చోటికి నడుచుకుంటూ వెళ్ళి నిలబడేవారు. నిలబడ్డాక బంతి అక్కడికి వచ్చేది కాదు.

"లెక్కపెట్టండి," అంది వదిన.

లెక్కపెట్టేను. ఆట అయ్యేసరికి పద్నాలుగు సార్లు మా టీము వాళ్ళు ఆ పక్కనుంచి బంతి వెనక్కి తిప్పుకున్నారు. ఆయన మూడుసార్లు బంతి తోటలోకి కొట్టేరు.

"బంతి ఇవ్వడం మాత్రం నిజంగానే రావటం లేదు ఆయనకి," అంది వదిన. "అది మీరన్నదే."

అంతవరకూ నా పరువు నిలబడింది.

ఆ సాయంత్రమే హోటలుకి వెళ్ళి, నా బల్ల మీద కూచోకుండా నిలబడి చెప్పేను: "లస్కరు గారిని తీసెయ్యడం తప్పు. ఆయన్ని మళ్ళీ ఆడించాలి." మావాడొకడు, "అంతేనండీ, ప్లీడరు గుమాస్తా కదా, ఏ పార్టీ పిలిస్తే ఆ పక్క మాట్లాడతారు," అన్నాడు. రెండు బల్లలూ కలిసి నవ్వేయి. నవ్వనిచ్చి, మేడ మీద నుంచి చూసిందంతా విడమరచి చెప్పేను. ఇది మా వదిన చెప్పిన మాటే అని కూడా చెప్పేను. కాంపౌండరు లేచి, తన బల్ల మీద నాకు చోటిచ్చేడు.

మర్నాడు సైకిలేసుకుని లాకులకి వెళ్ళేను. కొబ్బరికాయల పడవ ఒకటి తలుపుల మధ్య ఆగి ఉంది. ఆయన చక్రం తిప్పుతున్నారు. పడవ దాటిందాకా నన్ను చూసినట్టే లేదు. తరవాత తుండుగుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చేరు.

"మీరే కదండీ నన్ను కూచోబెట్టింది?"

"నేనేనండీ."

"ఇప్పుడు మీరే లేపడానికొచ్చేరా?"

"ఆయ్."

ఆయన నవ్వి గట్టు మీద కూచుని, పంచె కాస్త పైకి లాగి కుడి మోకాలు చూపించేరు. చిప్ప కనపడకుండా వాచి ఉంది. "వరదల్లో ఈ మెట్ల మీద జారేనండీ. పరుగు పోయింది. బంతి కొడితే సూటిగా పోవటం లేదు. మీరు పిక్కలు లెక్కపెట్టేరట, పదకొండు. నా లెక్కలో పన్నెండు."

"మోకాలి సంగతి ఎవరికీ చెప్పలేదేమండీ?"

"చెప్తే జాలిపడి తీసేసేవారు. చెప్పలేదు గనక ఆట బాలేదని తీసేసేరు. ఇదే నయం కదండీ?"

నేను సైకిలు స్టాండు వేసి ఆయన పక్కన గట్టు మీద కూచున్నాను.

"పరుగు లేనివాడు ముందే వెళ్ళి నిలబడాలండీ. ఆర్నెల్లుగా నేను నేర్చుకున్నదదే," అన్నారాయన. "మాస్టారు పంపించేరా మిమ్మల్ని?"

"లేదండీ, నా అంతట నేనే వచ్చేను."

"అయితే మాస్టార్ని రమ్మనండి. టీము ఆయనది."

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. నేరుగా వెళ్ళి మాస్టారికి చెప్పేను. ఆయన మర్నాడు పొద్దున్నే స్కూలుకి ముందు లాకులకి వెళ్ళొచ్చేరు. లస్కరు గారు ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. కాలేజీ కుర్రాణ్ణి తీసెయ్యకూడదు. తన ముందర, లెఫ్ట్ అవుట్‌గా ఆడించాలి. "వాడికి కాళ్ళున్నాయి, నాకు కళ్ళున్నాయి," అన్నారట.

ఆ నెలలోనే రాజోలులో షీల్డు పోటీలు. నలభై మందిమి టీముతో పాటు బయల్దేరి, బోడసకుర్రు రేవు పడవల్లో దాటి, అటు నడిచేవాళ్ళు నడిచి, బస్సు దొరికినవాళ్ళు బస్సెక్కి చేరేం. సెమీ ఫైనల్లో మాకు నరసాపురం టీము ఎదురు పడింది. వాళ్ళ రైట్ అవుట్ పేరు అప్పటికే కోనసీమ అంతా పాకింది. సన్నగా, రివటలా ఉండేవాడు. మలికిపురం నుంచి కొబ్బరికాయల వర్తకులు పని మానుకుని అతన్ని చూడ్డానికే వచ్చేరు.

పదో నిమిషంలోనే లస్కరు గారు మా గోల్‌కీపరుకి వెనక్కి ఇవ్వబోయిన బంతి సగంలో ఆగిపోయింది. నరసాపురం వాళ్ళు వచ్చి తన్నేసేరు. గోలు. మా వాళ్ళే, పొద్దుటి నుంచి ఆయన్ని పొగుడుతూ వచ్చినవాళ్ళే, "తీసెయ్యండి! కూచోబెట్టండి!" అని కేకలు మొదలెట్టేరు. కాంపౌండరు నా వంక చూసేడు. నేను లేచి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి, "ఉండనివ్వండయ్యా ఆ మనిషిని!" అని అరిచేను. నన్ను కూడా తిట్టేరు. కూచోలేదు.

హాఫ్ టైములో ఆయన కొబ్బరినీళ్ళు తాగుతుంటే దగ్గరికి వెళ్ళేను.

"తప్పు నాదేనండీ," అన్నారు ముందే. "కానీ ఇంక ఆ పక్కనుంచి రాదు."

రాలేదు. రెండో సగంలో రైట్ అవుట్ బంతి తీసుకుని తలెత్తేసరికి ఎదురుగా ఈయన. లోపలికి తిరిగితే అక్కడ మాస్టారు, ఇవాళ తన చోట తను ఉన్నారు. గీత పక్కకి పోతే బంతి బయటికి. అతను విసిగిపోయి, తనవాళ్ళతో చెప్పి ఎడం పక్కకి మారిపోయేడు. అక్కడ ఆడే అలవాటు లేక అక్కడా ఏమీ చెయ్యలేకపోయేడు. ఈలోగా మాస్టారు ముందుకి పంపిన బంతి అందుకుని కాలేజీ కుర్రాడు గోలు సమం చేసేడు. ఆఖర్న లస్కరు గారు అవతలివాళ్ళ పాసు దారిలో నిలబడి పాదంతో ఆపిన బంతి దొర్లుకుంటూ ఆ కుర్రాడి కాళ్ళ దగ్గరకే పోయింది. వాడు ముగ్గుర్ని దాటుకుని వెళ్ళి రెండోది కొట్టేడు. రెండు ఒకటి.

జనం కుర్రాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నారు. లస్కరు గారిని ఎవరూ ఎత్తలేదు. ఆయన కుంటుకుంటూ గట్టు దగ్గరకి వస్తుంటే నరసాపురం రైట్ అవుట్ పరిగెత్తుకొచ్చి ఎదురు నిలబడ్డాడు.

"మీరేం చేస్తారండీ, ఏ ఊరు?"

"లాకుల దగ్గర ఉద్యోగం బాబూ. అమలాపురం."

"ఇవాళ నన్ను ఆడనివ్వలేదండీ మీరు," అని ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. మా నలభై మందిలో ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. హోటల్లో దాన్ని ఎన్నిసార్లు చెప్పేనో నాకే తెలియదు.

ఫైనలు మర్నాడు, కాకినాడ వాళ్ళతో. తెల్లారేసరికి లస్కరు గారి మోకాలు ముడవడానికి లేదు. కుర్రాడే లెఫ్ట్ హాఫ్ ఆడేడు. మూడు సున్నాతో ఓడిపోయేం. వాళ్ళు మాకంటే మంచి టీము, అందులో వాదన లేదు.

కానీ మావాళ్ళు ఊరుకుంటేనా! తిరుగు పడవలో మళ్ళీ మొదలెట్టేరు, ఈసారి అందరూ ఒకే పక్క: లస్కరు గారు ఉంటే గెలిచి ఉండేవాళ్ళమట. నిన్న "తీసెయ్యండి" అని అరిచినవాళ్ళే అందరికంటే గట్టిగా అన్నారు. నేనొక్కణ్ణే కాదన్నాను. ఆయన ఉన్నా ఓడిపోయేవాళ్ళమే అన్నాను. పడవ ఒక పక్కకి ఒరిగేటంత గొడవైంది. చివరికి కాంపౌండరు, పడవ అంచున కాలు చాపుకుని కూచున్న లస్కరు గారినే అడిగేడు: "మీరే తేల్చండి. మీరుంటే ఏమయ్యేదండీ?"

ఆయన ఆలోచించి చెప్పేరు. "రెండే పడేవండీ."

మాస్టారు అందరికంటే ముందు నవ్వేరు.

మరుసటి ఏడాది ఆయన జెర్సీ తొడగలేదు. మోకాలు పూర్తిగా నయం కాలేదు. కానీ వరికోతలు కాగానే, పడవలు లేని సాయంత్రాలు వచ్చి కాలేజీ కుర్రాణ్ణి గ్రౌండులో నిలబెట్టేవారు. బంతి ఉండేది కాదు. చొక్కా పట్టుకుని "ఇక్కడ, ఇప్పుడు ఇక్కడ," అని అటూ ఇటూ జరిపేవారు. మొదటి వారం ఆ కుర్రాడు సిగ్గుపడ్డాడు. రెండో వారం నుంచి తనే అడగడం మొదలెట్టేడు. తరవాత అయిదేళ్ళు మా లెఫ్ట్ హాఫ్ అతనే.

టీములో ఎవరుండాలి, ఎవరు వద్దు అనే మాటొచ్చినప్పుడు మాస్టారు ఆ తరవాత లస్కరు గారిని అడిగే నిర్ణయించేవారు. నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పేవాణ్ణి.